పెద్దమ్మ కొలత

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం. కిటికీ పక్క కుర్చీలో తాతయ్య. కుట్టు మిషన్ ముందు పెద్దమ్మ. చేతిలో కత్తెర పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కత్తిరింపు బల్ల దగ్గర నిలబడ్డ అమ్మ. బడికి సెలవులు కాబట్టి ఇస్త్రీ బల్ల వెనక యూనిఫారాలకు బొత్తాలు కుడుతూ నేను. నాన్నా పెదనాన్నా పొద్దున్నే పనిలోకి వెళ్లిపోయారు. పదకొండు గంటలకు ఐదో మనిషి వచ్చి తలుపు కొట్టింది.

ఆవిడ ఎవరో చెప్పేముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

ఊళ్లో మాది కుట్టు మిషన్ ఇల్లు. మా ఇంట్లో మిషన్ అంటే కుట్టు మిషనే. దాని ముందు కూర్చునే హక్కు పెద్దమ్మది. ఊళ్లో ఆడవాళ్లందరి కొలతలూ ఆమె దగ్గర ఒక పొడుగాటి పుస్తకంలో ఉంటాయి. నిజానికి పుస్తకం కూడా అక్కర్లేదు. వీధిలో నడిచిపోతున్న మనిషిని చూసి, "ఈమెకి కుడి భుజం ఈ ఏడు కాస్త జారింది, బరువులు మోస్తోందేమో" అంటుంది. మెడలో టేపుతోనే పుట్టిందని అమ్మ నవ్వుతుంది. కత్తెర మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటిది ఏడాది నుంచి అమ్మకు కత్తిరింపు నేర్పుతోంది. ఎందుకో మాకెవరికీ తట్టలేదు. ఒకసారి అమ్మ జాకెట్టు చేతులు రెండింటినీ ఎడమ వైపుకే కత్తిరించి గుడ్డంతా పాడుచేసింది. పెద్దమ్మ తిట్టకుండా "మళ్లీ కత్తిరించు" అని ఊరుకుంది. అది చూసి తాతయ్య నన్ను పిలిచి, దీనికి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

తాతయ్యకు చెవుడు. నాకు గొంతు లేదు. అంటే ఉంది, బయటికి రాదు. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాను. ఇంట్లో నా పేరు గుసగుస. అందుకని తాతయ్యకూ నాకూ మధ్య ఎప్పుడూ ఒక పలక ఉంటుంది. ఆయన మాట్లాడతాడు, నేను రాసి చూపిస్తాను. పలక మీద రాసింది చెరిగిపోతుంది కాబట్టి డైరీ మొదలుపెట్టాను. ఇదంతా ఇంత వివరంగా చెప్పగలగడానికి కారణం ఆ డైరీయే.

ఇక పరీక్షల బండి సంగతి. అది తెల్లటి పెద్ద బస్సు. క్రితం ఏడాది మొదటిసారి మా బడి ఆవరణలోకి వచ్చింది. నలభై దాటిన ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ఉందేమో చూడటానికి ఫొటోలు తీస్తారు. ఈ మాట ఇక్కడ రాస్తున్నాను గానీ, మా ఇంట్లో ఎవరూ అనరు. పెద్దమ్మ "ఆ పరీక్ష" అంటుంది. అమ్మ "గుండె పరీక్ష" అంటుంది. గుండె పరీక్ష అనగానే తాతయ్య ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. మగవాళ్లకు కాదని పలక మీద రాసి ఆపితే, "ఆడవాళ్లకేనా గుండెలుండేది" అని వారం రోజులు సణిగాడు. నేను కూడా డైరీలో గుండె పరీక్ష అనే రాసుకున్నాను. తెలియక కాదు, ఆ మాట రాయడానికి చెయ్యి రాక.

ఈ ఏడు ఆ బండి సోమవారం వచ్చింది. అమ్మ పొద్దున వెళ్లి వచ్చింది. ఒక పలక మీద పెట్టి పై నుంచి ఇంకో పలకతో నొక్కుతారని, కుట్టు మిషన్ పాదం కింద గుడ్డ నలిగినట్టు క్షణం సేపు నొప్పెడుతుందని, అంతేనని చెప్పింది. పెద్దమ్మకు మధ్యాహ్నం వంతు. ఆమె కార్డు చేతిలో పట్టుకుని, మిషన్ దారం తీసి మళ్లీ ఎక్కించి, తీసి మళ్లీ ఎక్కించి, చివరికి ఆ కార్డు అమ్మ ముందు పెట్టింది.

"నువ్వెళ్లు."

"నాది అయిపోయింది కదక్కా."

"నా కార్డుతో వెళ్లు. అక్కడ వాళ్లు కార్డు చూస్తారు, మొహాలెవరు చూస్తారు?"

అక్క మాట అమ్మకు గీసిన గీత. ఈ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ అన్నీ నేర్పింది పెద్దమ్మే. అందుకని అమ్మ బట్టలు మార్చుకుంది. పెద్దమ్మలా జుట్టు వెనక్కి లాగి కట్టుకుంది, పిన్నులు పెట్టింది నేనే. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది. అందులోంచి ఏమీ కనిపించక బస్సు మెట్టుకు మోకాలు కొట్టుకుంది. లోపల ఉన్న ఆవిడ కార్డు మాత్రమే చూసింది. అమ్మ ఒకే రోజున రెండుసార్లు నలిగి, కుంటుతూ ఇంటికొచ్చి, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. డైరీకి తప్ప నేను ఎవరికి చెబుతాను?

ఇది జరిగిన మూడు రోజులకు, గురువారం పదకొండు గంటలకు తలుపు కొట్టింది ఆ బస్సులో ఫొటోలు తీసే ఆవిడే. మేం ఆమెను ఫొటోలమ్మ అంటాం. చంకలో ఒక ట్యాబ్, చేతిలో కార్డు. కార్డు మీద ఫోన్ నంబరు లేదని, కుట్టు మిషన్ ఇల్లు అని మాత్రమే రాసి ఉంటే అడుగుతూ వచ్చానని చెప్పింది. అమ్మ ఆమెను చూడగానే వంటింట్లోకి తప్పుకోబోయింది. కానీ కాలు ఇంకా కుంటుతూ ఉండటంతో నాలుగడుగుల్లోనే ఆగిపోయింది. పెద్దమ్మ మాత్రం మిషన్ తొక్కుతూనే కూర్చోమంది.

"సోమవారం మధ్యాహ్నం ఫొటోలు తీయించుకున్నారు కదమ్మా" అంది ఫొటోలమ్మ.

"తీయించుకున్నాను. బాగా లేవా?"

"బాగున్నాయి. మరీ బాగున్నాయి. అదే ఇబ్బంది."

పెద్దమ్మ కాలు ఆగలేదు గానీ కుట్టు వంకర పోయింది. అది నేను చూశాను.

ఫొటోలమ్మ నిదానంగా చెప్పుకొచ్చింది. బస్సులో తీసిన ఫొటోలు ముందు ఏఐ దగ్గరికి వెళ్తాయట. అది లక్షల మంది ఆడవాళ్ల ఫొటోలు చూసి నేర్చుకున్న కంప్యూటరు ప్రోగ్రాం. ప్రతి ఫొటోనూ మూలమూలలా వెతికి, అనుమానమున్న చోట గుర్తు పెట్టి, తొందరగా చూడాల్సినవి పైన పేరుస్తుంది. ఆ తర్వాత పట్నంలో డాక్టరు కూర్చుని అన్నీ చూస్తుంది. ఇదివరకు ఒక ఊరి ఫొటోలు చూడటానికి నెల పట్టేదట, ఇప్పుడు మూడు రోజులు.

ఏఐ చూసింది, ఏఐ చెప్పింది అని ఆమె రెండు మూడుసార్లు అనేసరికి తాతయ్య ముందుకు వంగాడు. "ఆయా చూసి చెప్పడమేంటి? డాక్టరు లేడా అక్కడ?" నేను పలక మీద, ఆయా కాదు, ఏఐ, కంప్యూటరు అని రాశాను. ఆయన చదివి, "కంప్యూటర్ని పట్టుకుని ఏయ్ అంటారా, మర్యాద లేకుండా" అన్నాడు. ఫొటోలమ్మ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

"అది క్రితం ఏడాది ఫొటోలు కూడా పక్కన పెట్టుకుని చూస్తుంది" అంది ఫొటోలమ్మ. "క్రితం ఏడాది మీ ఎడమ వైపు చిన్న గుర్తు కనిపించింది. ఇప్పటికి భయం లేదు, ఏడాదికి తప్పకుండా రండి అని ఉత్తరం పంపాం. ఈ ఏడు ఆ గుర్తు లేదు. మంచిదే కదా అని నేనైతే సంతోషించి వదిలేసేదాన్ని. అది వదల్లేదు. ఈ రెండూ ఒకే మనిషివి అయినట్టు లేదు, సరిచూడండి అని రాసింది. డాక్టరు కూడా చూసి, వెళ్లి అడిగి రా అంది."

ఆ గుర్తు సంగతి, ఆ ఉత్తరం సంగతి మాలో ఎవరికీ తెలియదు. పరీక్షలో అంతా బాగుందన్నారని క్రితం ఏడాది పెద్దమ్మే మాకు చెప్పింది. అమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసి పెద్దమ్మ వైపు చూసింది. అమ్మ చేతికి ఆ కత్తెర ఎందుకొచ్చిందో నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఏడాది నుంచి పెద్దమ్మ కత్తిరింపు ఎందుకు నేర్పుతోందో, గుడ్డలు పాడైనా ఎందుకు తిట్టలేదో అర్థమైంది.

"సోమవారం వచ్చింది మీరే కదమ్మా?" అని అడిగింది ఫొటోలమ్మ. గొంతులో దబాయింపు లేదు.

"నేనే వచ్చాను."

"పొరపాటు దానిదే కావచ్చు. అదీ పొరబడుతుంది, అందుకే అడగడానికి మనిషిని పంపుతారు. మీరే వచ్చానంటే ఆ మాటే రాస్తాను. అంతా బాగుందని కాగితం వస్తుంది. మళ్లీ రెండేళ్లకు వస్తే చాలు." ఆమె ట్యాబ్ మీద వేలు ఆనించి ఆగింది. "బస్సు ఈ రోజు నాలుగింటికి వెళ్లిపోతుంది. మళ్లీ ఈ వైపు వచ్చేది వచ్చే ఏడే."

పెద్దమ్మ దారం తెంపింది. అమ్మ నా వైపు చూసింది, ఒట్టు గుర్తుచేస్తున్నట్టా, ఒట్టు తీసేస్తున్నట్టా తెలియలేదు. రెండేళ్లు. ఆ గుర్తు ఏమిటో నాకు తెలియదు గానీ, రెండేళ్లలో చిన్నపిల్లల యూనిఫారం ఎన్ని అంగుళాలు వదలాలో తెలుసు. ఒంట్లో ఏదైనా పెరగడానికి రెండేళ్లు చాలా ఎక్కువ. పలక కోసం వెతికాను. అది తాతయ్య ఒళ్లో ఉంది. రాయడానికి లేదు.

"అది పెద్దమ్మ రొమ్ము కాదు" అన్నాను. "అమ్మది."

అంత గట్టిగా వస్తుందనుకోలేదు. ఇస్త్రీ బల్ల మీది బొత్తాల డబ్బా నా మోచేయి తగిలి కిందపడి బొత్తాలు గదంతా దొర్లాయి. అవి ఆగేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు తాతయ్య పలక పక్కన పెట్టి, "వినబడింది" అన్నాడు.

పెద్దమ్మ అరుస్తుందనుకున్నాను. ఆమె మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి, తలొంచుకుని కూర్చుంది. ఇంతలో అమ్మ ముందుకొచ్చి, నేనే వెళ్లాను, అక్క కళ్లజోడు పెట్టుకుని నేనే వెళ్లాను, కావాలంటే మోకాలు చూడండి అని గబగబా చెప్పేసి ఏడుపు మొదలుపెట్టింది. ఫొటోలమ్మకు ఏ మాత్రం కోపం రాలేదు. పైగా తప్పు తనదే అంది. ఆ రోజు అరవై మందికి తీసిందట. మధ్యాహ్నానికి కళ్లు కార్డుల మీదే ఉంటాయి, మొహాల దాకా వెళ్లవు అని ఒప్పుకుంది. "నేను మోసపోయాను. అది మోసపోలేదు. పైగా ఆ రోజు పొద్దున వచ్చిన ఇంకో ఫొటోతో ఇది సరిగ్గా కలుస్తోందని నంబరుతో సహా చూపించింది. ఆ నంబరు కార్డు మీద కూడా కుట్టు మిషన్ ఇల్లు అనే ఉంది."

పెద్దమ్మ అప్పుడు తలెత్తింది.

"చూపించండి" అంది.

ఫొటోలమ్మ ట్యాబ్‌ను కుట్టు మిషన్ బల్ల మీద, గుడ్డ పక్కకు జరిపి పెట్టింది. నేను కూడా పక్కకు చేరాను, ఎవరూ పొమ్మనలేదు. నల్లటి తెర మీద రెండు తెల్లని ఆకారాలు, ఒకటి క్రితం ఏడాదిది, ఒకటి సోమవారానిది. వాటి లోపల సన్నటి దారాల్లాంటి గీతలు, ఒకదాంట్లోంచి ఒకటి చీలుతూ. వీటిలో రక్తనాళాలు ఎలా చీలాయి, ఎక్కడ ఒత్తుగా ఉంది, ఎక్కడ పలచగా ఉంది అన్నది ప్రతి మనిషికీ వేరుగా ఉంటుందని, ఏళ్లు గడిచినా మొత్తం అల్లిక మారిపోదని, అది ఆ అల్లికను పట్టుకుందని ఫొటోలమ్మ చెప్పింది. సిగ్గుపడతానేమో అనుకున్నాను. సిగ్గనిపించలేదు. ఒక గుడ్డను వెలుతురుకు పట్టి చూసినట్టే ఉంది.

పెద్దమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుంది. ఇద్దరు మనుషుల బట్టలు కలిసిపోయినప్పుడు ఏది ఎవరిదో తేల్చేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని. టేపు మీదికి చెయ్యి వెళ్లింది కూడా.

"ఇది నాది" అంది ఎడమ వైపు బొమ్మ మీద వేలు పెట్టి. "నా జాకెట్టుకి ఎడమ పక్క మడత అర అంగుళం కిందికి వేసుకోవాలి. లేకపోతే పట్టేస్తుంది. ఆ రెండోది దీనిది. దీనికి రెండు పక్కలా ఒకటే కొలత. ఎన్నిసార్లు కుట్టానో నాకు తెలియదా?" తెర వైపు గడ్డం చూపి అడిగింది. "అది కుట్టు పని నేర్చుకుందా ఎక్కడైనా?"

"చూడటం నేర్చుకుందమ్మా. మీలాగే, చూసి చూసి."

పెద్దమ్మకు అది నచ్చింది. ఆమెకు నచ్చిన మనిషి గురించి విన్నప్పుడు పెదవి ఒక పక్కకు లాగుతుంది, అలా లాగింది. నాకు మాత్రం ఆ కనిపించనిదాని మీద గౌరవం కలిగింది. ఊళ్లో ఎంతోమంది మొహాలు చూసి కూడా ఎవరినీ సరిగా చూడరు. అది మా పెద్దమ్మ మొహం ఎప్పుడూ చూడలేదు, పేరు పలకలేదు. అయినా ఆమె రాలేదని కనిపెట్టింది. ఆమె రాకపోతే కుదరదని పట్టుబట్టింది.

కానీ పెద్దమ్మ వేలు ఇంకా ఆ బొమ్మ మీదే ఉంది. అక్కడ, లోపలి వైపు, సన్నటి తెల్ల చుక్కలు మూడు ఉన్నాయి. వాటి చుట్టూ ఏఐ గీసిన పలచటి చట్రం.

"ఇవేనా?" అంది.

"అవే."

"గుడ్డ మీద సుద్దతో పెట్టినట్టున్నాయి." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. కొలతల పుస్తకం తెరిచి, చివరి పేజీలోంచి మడత పెట్టిన ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. తప్పకుండా అన్న మాట కింద ఎవరో పెన్నుతో గీత గీశారు. "ఈ గీత చూసినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. సుద్ద పెట్టామంటే తర్వాత వచ్చేది కత్తెరే. ఇన్నేళ్లుగా నేను చేసే పని అదే కదా. చూడకుండా ఉంటే లేనట్టే అనుకున్నాను."

అమ్మ వెనక నుంచి ఆమె భుజం పట్టుకుంది. ఫొటోలమ్మ ఆ ఉత్తరం మడిచి పెద్దమ్మ చేతికిచ్చింది. తర్వాత అడిగింది.

"మీరు సుద్ద పెట్టిన ప్రతి చోటా కత్తిరిస్తారా?"

పెద్దమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఎవరైనా పని గురించి అడిగితే ఆమె ఊరికే జవాబు చెప్పదు.

"లేదు" అంది చివరికి. "కొన్ని చోట్ల బొత్తాం పెడతాను. కొన్ని చోట్ల దులిపేస్తాను."

"మరి ఏది ఏదో తెలియాలంటే గుడ్డ చూడాలి కదా. అవి అలాగే ఉన్నాయా, పెరిగాయా అన్నది ఈ ఏడు ఫొటో ఉంటేనే అది చెప్పగలదు. లేని ఫొటోని అదీ చూడలేదు, డాక్టరూ చూడలేదు. ఏమీ కాదని నేను మాటివ్వను. చూసి చెబుతామని మాత్రం మాటిస్తాను."

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. పెద్దమ్మ సగం కుట్టిన కాలరు మిషన్ పాదం కింద నుంచి తీసి, జాగ్రత్తగా మడిచి పెట్టింది. లేచి నిలబడి జుట్టు సర్దుకుంది. అమ్మ కూడా చెప్పులు వేసుకోబోతే వద్దంది.

"నువ్వు రెండుసార్లు వెళ్లావు, చాల్లే. ఆ కాలరు నువ్వు పూర్తిచెయ్యి. గుసగుసా, నువ్వు రా."

తాతయ్య ఎక్కడికని అడిగాడు. పలక నా చేతికి ఇచ్చాడు కూడా. కానీ పెద్దమ్మే ఆయన చెవి దగ్గరికి వంగి, "రొమ్ము పరీక్షకి మావయ్యా" అంది. ఆయన తల ఊపి, "గుండె అన్నారు మరి ఇన్నాళ్లూ" అన్నాడు.

బడి ఆవరణ దాకా నడక పది నిమిషాలు. ఫొటోలమ్మ ముందు నడిచింది. పెద్దమ్మ నన్ను తిడుతుందని ఎదురుచూస్తూ నడిచాను. సగం దూరం పోయాక అడిగింది.

"ఇదంతా నీ డైరీలో రాశావా?"

రాశానన్నట్టు తల ఊపాను.

"ఏమని రాశావు? గుండె పరీక్ష అనా?"

మళ్లీ తల ఊపాను.

"దిద్దు" అంది.

బస్సు చుట్టూ ఎవరూ లేరు. సామాను సర్దుకుంటున్నారు. ఫొటోలమ్మ లోపలికెళ్లి మిషన్ వెలిగించింది, సన్నగా గుంయ్‌మన్న చప్పుడు బయటికి వినిపించింది. మిషన్ అన్న మాట ఇక మా ఇంట్లో ఒక్కదానికే చెల్లదని అప్పుడనుకున్నాను. ఆమె తిరిగొచ్చి మెట్టు మీద నిలబడి కార్డు చూసింది, కళ్లజోడు తీయమని పెద్దమ్మ మొహం చూసింది, మళ్లీ కార్డు చూసింది. ఈసారి ముగ్గురం నవ్వాం.

పెద్దమ్మ కళ్లజోడు నా చేతిలో పెట్టింది. తర్వాత మెడలో టేపు తీసి దాన్నీ నా చేతిలో పెట్టింది. పనివేళల్లో ఆమె మెడను టేపు లేకుండా చూడటం నాకు అదే మొదటిసారి. అక్కడి చర్మం మీద టేపు పడే చోట సన్నటి తెల్ల చార ఉంది. ఆమె కమ్మీ పట్టుకుని మెట్టెక్కింది. కళ్లజోడు లేక రెండో మెట్టు సరిగా ఆనలేదు, నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. అందుకే వదలకుండా నేను కూడా ఆమె వెనకే మెట్టెక్కాను. లోపలికి వెళ్లి ఆమె పక్కనే నిలబడాలనుకున్నాను, అది ఎలా చూస్తుందో నేనూ చూడాలనుకున్నాను.

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. నా వేళ్లలోంచి తన వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుంది.

"నువ్వు కిందే ఉండు. ఈ కొలత నాది" అని, నా మొహం మీదే తలుపు జరిపి వేసేసింది.